పాత కారుకు స్పేర్ పార్ట్స్ ఎలా వెతకాలి: బెజవాడ, గుంటూరు వాళ్ళకి

“శాంట్రోకి ముందు బ్రేక్ ప్యాడ్లు ఇవ్వండి” అనగానే కౌంటర్లో మనిషి అడిగే మొదటి మాట “ఏ మోడలండీ?”. “పాతదేనండీ, 2004” అంటే ఒక పెట్టె తీసి ఇస్తాడు. షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ దాన్ని పాతదాని పక్కన పెట్టి చూసి, “ఇది కాదండీ, వాపస్ ఇచ్చి రండి” అంటాడు. ఈలోపు కారు జాకీ మీద, చక్రం ఊడి, వెనక బండికి అడ్డంగా ఉంటుంది. పదిహేను, ఇరవై ఏళ్ళు దాటిన కారుని నడిపించడంలో డబ్బూ ఓపికా ఎక్కువ కరిగేది ఈ తిరుగుళ్ళ దగ్గరే. పార్టు ధర ఆ తర్వాతి సంగతి.

బండి పాతబడితే ఇంజన్ పార్టులు దొరకవేమోనని అందరూ భయపడతారు. జరిగేది దాదాపు తలకిందులు. పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు చాలాకాలం వస్తూనే ఉంటాయి, ఎందుకంటే వాటిని కారు కంపెనీయే కాక బయటి తయారీదార్లు కూడా చేస్తారు. ముందుగా మాయమయ్యేవి డోర్ బీడింగులు, అద్దాలు, డాష్‌బోర్డు ప్లాస్టిక్, లైటు గాజులు, వైరింగు సాకెట్లు. అందుకే వేటిని ఎప్పుడు కొనాలో, ఎక్కడ కొనాలో వేరువేరుగా ఆలోచించుకోవాలి.

మొదటి పని: బండి పుట్టుపూర్వోత్తరాలు రాసిపెట్టుకోండి

ఆర్‌సీ తీయండి. చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, తయారైన నెల, సంవత్సరం ఒక కాగితం మీద రాయండి. రిజిస్ట్రేషన్ తేదీని నమ్ముకోవద్దు. 2003 డిసెంబర్లో తయారై 2004 మార్చిలో రిజిస్టరైన బండికి పార్టులు 2003వే పడతాయి. కంపెనీలు మార్పులు చేసేది తయారీ నెలని బట్టి.

చాసిస్ నంబరు 17 అక్షరాలు ఉంటుంది. మారుతివి ఎంఏ3తో, హ్యుందాయ్‌వి ఎంఏఎల్‌తో, టాటావి ఎంఏటీతో, ఇక్కడ తయారైన ఫోర్డువి ఎంఏజేతో మొదలవుతాయి. ఆర్‌సీలో ఉన్న నంబరునీ బానెట్ కింద పలక మీద ఉన్న నంబరునీ అక్షరం అక్షరం పోల్చండి. ఇంజన్ నంబర్ని కూడా అలాగే చూడండి. చేతులు మారిన బండ్లలో ఇంజన్ మారి ఉండటం అరుదేమీ కాదు. ఆ సంగతి తెలియకుండా ఆర్‌సీ చూసి హెడ్ గ్యాస్కెట్ కొంటే అది పనికిరాదు.

తర్వాత ఇంజన్ రకం. మారుతి 800ల్లో ఎక్కువ బండ్లకీ, ఓమ్నీకీ ఉన్నది 796 సీసీ ఎఫ్8బి. పాత ఆల్టోది కూడా 796 సీసీయే, కానీ అది ఎఫ్8డి. మొదటిదానికి సిలిండర్‌కి రెండేసి చొప్పున ఆరు వాల్వులు, రెండోదానికి పన్నెండు. అంటే సిలిండర్ల పైన కూర్చునే హెడ్డే వేరు. జెన్‌లో 993 సీసీ, ఎస్టీమ్‌లో 1298 సీసీ, శాంట్రో జింగ్‌లో 1086 సీసీ. 800లో కార్బురేటరా, ఎంపీఎఫ్ఐయా (పెట్రోలుని ఇంజెక్టర్లతో చిమ్మే పద్ధతి) అన్నది తప్పకుండా రాయాలి. ఏసీ ఉందా, పవర్ స్టీరింగ్ ఉందా అన్నదీ రాయండి, ఎందుకంటే బెల్టులు, డైనమో, రేడియేటర్ ఫ్యాన్ దాన్ని బట్టి మారతాయి.

ఇదంతా ఒక వాట్సాప్ మెసేజ్‌లా తయారుచేసి ఫోన్లో ఉంచుకోండి. ఆర్‌సీ ఫొటో, చాసిస్ పలక ఫొటో దానికి జత చేయండి. ఏ షాపువాడు అడిగినా ఒక్క నొక్కుతో పోతుంది.

రెండో పని: పార్టు నంబరు పట్టుకోండి

పాత పార్టు విప్పాక పారేయకండి. కడిగి, వైర్ బ్రష్‌తో తుడిచి, వెలుతురులో తిప్పి చూడండి. పోతపోసిన అంకెలు, స్టిక్కర్, చెక్కిన అక్షరాలు ఏవో ఒకటి కనిపిస్తాయి. మసి పట్టి చదవడానికి రాకపోతే సుద్దముక్క రుద్ది పైపైన తుడవండి, అంకెలు తేలతాయి.

మారుతి నంబర్లలో మొదటి అయిదంకెలూ పార్టు ఏమిటో చెబుతాయి: 16510 అంటే ఆయిల్ ఫిల్టర్, 13780 ఎయిర్ ఫిల్టర్, 17400 వాటర్ పంపు, 12761 టైమింగ్ బెల్టు. మధ్యలో ‘ఎం’ అక్షరం, ఆ తర్వాత మోడల్‌కి సంబంధించిన కోడు. హ్యుందాయ్‌లో కూడా అదే పద్ధతి: 58101 ముందు బ్రేక్ ప్యాడ్లు, 26300 ఆయిల్ ఫిల్టర్, 28113 ఎయిర్ ఫిల్టర్. ఇవి తెలిస్తే లాభం ఏమిటంటే, షాపువాడు ఇచ్చిన పెట్టె మీద మొదటి అయిదంకెలూ సరిపోయి వెనకవి తేడాగా ఉంటే “పార్టు అదే, మోడల్ వేరు” అని అక్కడికక్కడే పట్టేయవచ్చు.

పార్టు మీద నంబరు లేకపోతే కంపెనీ షోరూమ్ స్పేర్స్ కౌంటర్‌కి వెళ్ళండి. చాసిస్ నంబరు కొడితే కంప్యూటర్లో బొమ్మతో సహా వస్తుంది. అక్కడ కొనకపోయినా నంబరు రాసుకుని రావచ్చు, మొహమాటపడాల్సిన పనిలేదు. “ఈ నంబరు ఆగిపోయిందండీ” అన్న జవాబు వస్తే అక్కడితో వెనుదిరగకండి. “దీని బదులు ఏ నంబరు ఇచ్చారో చూడండి” అని అడగండి. చాలా పార్టులకి పాత నంబరు తీసేసి కొత్త నంబరు ఇస్తారు, పార్టు ఉంటుంది. రెండు నంబర్లూ రాసుకోండి, ఎందుకంటే ఆటోనగర్‌లో పాత స్టాకు పాత నంబరుతోనే అరల్లో ఉంటుంది. బూడ్‌మో లాంటి ఆన్‌లైన్ స్పేర్స్ సైట్లలో కూడా ఆ నంబరు కొట్టి వెతకవచ్చు. అదే నంబరుకి బదులుగా వేరే కంపెనీలు చేసేవి కూడా అక్కడే కనిపిస్తాయి.

మూడో పని: ఇది కారు పార్టా, సైజు సరుకా?

మీ డబ్బు ఎక్కువ మిగిలేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెప్పుకుందాం. కారులో ఉన్న వాటిలో కొన్ని ఆ కారుకే ప్రత్యేకం. కొన్ని మాత్రం ప్రపంచమంతా ఒకే కొలతలో దొరికే సరుకు. రెండో రకాన్ని కారు పేరుతో అడిగితే దొరకదంటారు, లేదా నాలుగు రెట్లు చెబుతారు. కొలతతో అడిగితే పక్క బేరింగుల షాపులో అరలో ఉంటుంది.

బేరింగు చూడండి. డైనమోలో కీచుమనే బేరింగు తీస్తే దాని అంచున 6203 అనో 6303 అనో ఉంటుంది. చివరి రెండంకెలు లోపలి బెజ్జం: 00 అంటే 10 మి.మీ., 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. 04 నుంచి ఆ అంకెని అయిదుతో గుణించాలి, 04 అంటే 20, 05 అంటే 25. 6203 బయటి కొలత 40, వెడల్పు 12. 6303కి లోపలి బెజ్జం అదే 17, కానీ బయట 47, వెడల్పు 14. తర్వాత వచ్చే అక్షరాలూ ముఖ్యమే. జెడ్‌జెడ్ అంటే రెండు వైపులా రేకు మూత, 2ఆర్ఎస్ అంటే రబ్బరు మూత. సీ3 అంటే వేడెక్కినప్పుడు బిగుసుకోకుండా లోపల కొంచెం ఎక్కువ సందు వదిలిన రకం. ఇంజన్ పక్కన ఉండే డైనమోకి సీ3 ఉన్నదే తీసుకోండి. పాతదాని మీద సీ3 ఉండి మీరు మామూలుది వేస్తే మే నెల ఎండలో హైవే మీద దాని అరుపు వినపడుతుంది. ఎస్‌కేఎఫ్, ఎన్‌బీసీ, ఎఫ్ఏజీ, ఎన్‌టీఎన్ ఏదైనా పర్వాలేదు, బిల్లు మాత్రం ఉండాలి. బేరింగుల్లో నకిలీలు ఎక్కువ.

ఆయిల్ సీలుకి మూడంకెలు ఉంటాయి. 35-50-8 అని ఉంటే లోపల 35, బయట 50, మందం 8 మి.మీ. రబ్బరు అరిగి అంకెలు పోతే వెర్నియర్ కాలిపర్స్‌తో షాఫ్టునీ గూటినీ కొలవండి, పాత సీలుని కొలవద్దు, అది వ్యాకోచించి ఉంటుంది. పెదవి ఏ వైపుకి తిరిగి ఉందో విప్పేముందే ఫొటో తీసుకోండి. క్రాంక్ సీలు, కామ్ సీలు మాత్రం కొలత సరిపోయినంత మాత్రాన చాలదు. వేడికి తట్టుకునే రబ్బరు కావాలి. మామూలు నల్ల రబ్బరు సీలు అక్కడ గట్టిపడి కొన్నాళ్ళకే ఆయిల్ కారుస్తుంది.

ఫ్యాన్ బెల్టు మీద 4పీకే 850 అని ఉంటే నాలుగు గాడులు, 850 మి.మీ. పొడవు. బెల్టు తెగి ముక్కలై అంకెలు దొరక్కపోతే పుల్లీల చుట్టూ దారం తిప్పి కొలవండి. సర్దుబాటు బోల్టు మధ్యలో ఉండగా కొలవాలి, లేకపోతే కొత్తది ఎక్కదు, ఎక్కినా బిగుసుకోదు.

థర్మోస్టాట్ మీద 82 అనో 88 అనో ఉండేది అది తెరుచుకునే వేడి. ఇక్కడి ఎండలకి థర్మోస్టాట్ తీసేసి నడపమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. వినకండి. ఇంజన్ చల్లగా నడిస్తే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. రేడియేటర్ మూత మీద 0.9 అని ఉంటే 0.9దే వేయండి. దొరకలేదని 1.1ది బిగిస్తే ఇరవై ఏళ్ళ రేడియేటరూ పాత హోసులూ ఆ ఒత్తిడికి ఎక్కడో ఒకచోట చిట్లుతాయి. అదే మూత రబ్బరు పగిలి ఒత్తిడి నిలవకపోతే నీళ్ళు ముందే మరుగుతాయి. బండి వేడెక్కుతోందని రేడియేటర్ విప్పించే ముందు ఆ చిన్న మూత మార్చి చూడండి.

రిలేలు కూడా ఇదే జాతి. 85, 86 కాళ్ళు చుట్టకి, 30, 87 కాళ్ళు కరెంటు వెళ్ళేందుకు. కాళ్ళ అమరిక, ఆంపియర్లు కలిస్తే కంపెనీ పేరుతో పనిలేదు.

నాలుగో పని: చుట్టాలెవరో చూడండి

ఒకే ఇంజన్ అనేక కార్లలో తిరుగుతుంది. 1248 సీసీ ఫియట్ మల్టీజెట్ డీజిల్ స్విఫ్ట్, డిజైర్, రిట్జ్‌లలో ఉంది. టాటా ఇండికా విస్టా, మాంజాలలో ఉంది. ఫియట్ పుంటో, లినియాలలో సరేసరి. పుంటోకి టైమింగ్ చైన్ కిట్టు, రింగులు, మెయిన్ బేరింగులు దొరకలేదని చేతులెత్తేసిన షాపులోనే స్విఫ్ట్ డీజిల్ సరుకు నిండుగా ఉంటుంది. అయితే ఇంజన్ లోపలివి కలుస్తాయి కానీ దాని చుట్టూ తగిలించినవి కలవకపోవచ్చు. టర్బో, ఈసీయూ (ఇంజన్ని నడిపే కంప్యూటర్), మౌంటింగులు, సంపు (ఇంజన్ కింద ఆయిల్ తొట్టి) కారుని బట్టి వేరు, 75 గుర్రాలదీ 90 గుర్రాలదీ టర్బో ఒకటి కాదు. డీజిల్ హెడ్ గ్యాస్కెట్ కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. కొన్ని ఇంజన్లకి అది వేరువేరు మందాల్లో వస్తుంది, అంచున గాట్లో రంధ్రాలో ఉంటాయి. పాతదాని మీద ఎన్ని ఉంటే కొత్తదాని మీదా అన్నే ఉండాలి.

800కి ఓమ్నీ, శాంట్రో జింగ్‌కి ఐ10 1.1 దగ్గరి చుట్టాలు. జెన్ డీజిల్, ఎస్టీమ్ డీజిల్ ఉన్నవాళ్ళకి కష్టం ఎక్కువ. వాటిలో ఉన్నది 1527 సీసీ పెజో ఇంజన్, మారుతి షాపుల్లో చాలామందికి అది పరాయిది.

మూతబడిన కంపెనీల గురించి. షెవర్లే 2017 చివర్లో ఇక్కడ అమ్మకాలు ఆపింది. ఫోర్డు 2021లో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించినా సర్వీసు, స్పేర్స్ ఇస్తోంది, కాబట్టి ఫిగో, ఎకోస్పోర్ట్‌లకి ముందు కంపెనీ కౌంటరే చూడండి. అంబాసిడర్ 2014 మేలో ఆగింది, కానీ దశాబ్దాల పాటు టాక్సీగా తిరిగిన బండి కాబట్టి యాంత్రిక భాగాలకి ఇప్పటికీ కరువు లేదు. డీజిల్ 1489 సీసీదా, 1.8 ఇసుజు పెట్రోలుదా అన్నది చెప్పి అడగాలి.

అయిదో పని: ఎక్కడ, ఏ వరసలో అడగాలి

బ్రేకులు, స్టీరింగు, టైమింగ్ బెల్టు, సెన్సార్లు అయితే ముందు కంపెనీ కౌంటర్. ధర తెలిశాక బయట అదే భాగాన్ని కారు కంపెనీకి సరఫరా చేసేవాళ్ళ సొంత పెట్టెలో వెతకండి. స్టార్టర్, డైనమోలకి లూకాస్ టీవీఎస్, షాకబ్జర్లకి గేబ్రియల్, టై రాడ్ ఎండ్లకి రాణే, క్లచ్‌కి వాలియో, ఎక్సెడీ, ప్లగ్గులకి ఎన్‌జీకే, లైట్లకి లూమాక్స్, బ్రేక్ హైడ్రాలిక్స్‌కి టీవీఎస్ గిర్లింగ్. కారు కంపెనీ ముద్ర లేనందుకే ధర తగ్గుతుంది.

విజయవాడ ఆటోనగర్ ప్రధానంగా లారీల, బస్సుల రాజ్యం. కార్ల సరుకు అందులో ఒక భాగమే. అయినా లేత్‌లు, బేరింగులు, సీళ్ళు, రేడియేటర్ పని, సెల్ఫ్-డైనమో పని ఒకేచోట ఉండటం వల్ల మూడో పనిలో చెప్పిన సైజు సరుకుకి దీన్ని మించిన చోటు లేదు. గుంటూరు వాళ్ళు రోజువారీ సరుకుకి గుంటూరు ఆటోనగర్ చూసుకుని, అక్కడ లేనివాటికే బెజవాడ రావడం మేలు. అదీ ఫోన్ చేసి ఖాయం చేసుకున్నాకే.

ఫోన్లో ఎలా అడగాలంటే: “ఏవండీ, శాంట్రో జింగ్ 2004, ఏసీ, పవర్ స్టీరింగ్. ముందు బ్రేక్ ప్యాడ్లు, నంబరు వాట్సాప్ చేశాను. ఉన్నదాని పెట్టె లేబుల్ ఫొటో పెట్టగలరా? సరిపోకపోతే వాపస్ ఉంటుందా?” ఈ నాలుగు వాక్యాల్లో బేరం సగం తేలిపోతుంది. “వచ్చి చూసుకోండి” అన్నవాడి దగ్గరికి చివరన వెళ్ళండి.

ఇక్కడ దొరకనిది కొత్త సరుకైతే సికింద్రాబాద్ రాణీగంజ్, చెన్నై జీపీ రోడ్డు, ఢిల్లీ కశ్మీరీ గేట్ చూడాలి. వాడినదైతే చెన్నై పుదుపేట. ఆర్టీసీ కార్గోలోనో లారీ పార్శిల్‌లోనో వేయించుకోవచ్చు. అద్దాలు, లైట్లు మాత్రం చెక్క ఫ్రేమ్ కట్టించమని చెప్పి, ప్యాకింగ్ వీడియో పంపమనండి. దానికి అయ్యే నాలుగు వందలకి వెనకాడితే తర్వాత అద్దం ధర పోతుంది.

మెకానిక్ సంగతి ముందే తేల్చుకోండి. ఆయన తెచ్చిన పార్టు మీద ఆయనకి కొంత మిగులుతుంది, అది ఈ వ్యాపారంలో మామూలే. మీరే పార్టు తెచ్చి ఇస్తే ఆ మిగులు ఉండదు, దాంతోపాటు పూచీ కూడా ఉండదు. పార్టు చెడిపోతే రెండోసారి విప్పి బిగించిన కూలి మీ నెత్తినే పడుతుంది. క్లచ్, వాటర్ పంపు, టైమింగ్ కిట్టు లాంటి కూలి ఎక్కువయ్యే పనుల్లో పార్టు మెకానిక్ చేతనే, కానీ మీరు చెప్పిన బ్రాండే తెప్పించండి. బిల్లు మీ పేరున రాయించుకోండి.

2025 సెప్టెంబర్ 22 నుంచి స్పేర్ పార్ట్స్ మీద జీఎస్టీ 18 శాతం. అంతకుముందు చాలావాటి మీద 28 ఉండేది. పాత స్టాకు పెట్టె మీద పాత ఎమ్మార్పీ ఉంటే కొత్త రేటుకి ఎంతవుతుందో లెక్కగట్టి అడగండి.

నకిలీ పట్టుకోవడం

పెట్టె మీద ఎమ్మార్పీ, తయారీ నెల, సంవత్సరం, తయారీదారు చిరునామా, ఫిర్యాదు నంబరు ఉండాలి. ఉత్త ప్లాస్టిక్ కవర్లో ఇచ్చి “ఒరిజినలే సార్, బల్కులో వచ్చింది” అంటే అది లోకల్ అనుకుని లోకల్ ధరే ఇవ్వండి. పెట్టె కంటే పార్టే ఎక్కువ చెబుతుంది. ఆయిల్ ఫిల్టర్ని చేత్తో తూచి చూడండి, నకిలీది తేలిగ్గా ఉంటుంది. లోపల ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే వాల్వు రబ్బరు వేలితో నొక్కితే మెత్తగా వెనక్కి రావాలి. అది అట్టలా ఉంటే ఇంజన్ ఆపగానే ఆయిల్ మొత్తం కిందికి దిగిపోయి, పొద్దున స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో టపటపా శబ్దం వస్తుంది. బ్రేక్ ప్యాడ్ వెనక రేకు మీద అచ్చు అంకెలు, బ్యాచ్ నంబరు ఉండాలి. మెటీరియల్‌కీ రేకుకీ మధ్య సందు గోరుకి తగిలిందంటే తీసుకోవద్దు.

లోకల్ సరుకంతా చెడ్డదనీ కాదు. డోర్ హ్యాండిల్, మడ్ ఫ్లాప్, వైపర్ జెట్ లాంటివాటికి కంపెనీ ధర పెట్టడం దండగ.

కటింగ్ బండ్ల సరుకు

పాత బండ్లని విడగొట్టి అమ్మే ఈ సరుకులో డోర్లు, డిక్కీ మూత, అద్దాలు, గ్లాస్ మెషిన్లు, వైపర్ మోటారు, మీటరు, సీట్లు, గేర్‌బాక్సు, హబ్బులు వాడినవి తీసుకోవచ్చు. బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ హోసులు, వీల్ సిలిండర్ రబ్బర్లు, టైమింగ్ బెల్టు, టెన్షనర్, బాల్ జాయింట్లు, సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగులు, టైర్లు వద్దు. ఎంత బాగా కనిపించినా వద్దు.

వైరింగు సాకెట్ కావాలంటే జానెడు వైరుతో కలిపి కోయించండి. అంచు దగ్గర కోసిస్తే అతుకు వేయడానికి చోటుండదు. ఇమ్మొబిలైజర్ (సొంత తాళంచెవి కాకపోతే బండిని స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉన్న కారుకి ఈసీయూ ఒక్కటే తెస్తే బండి స్టార్ట్ కాదు. ఈసీయూ, తాళం సిలిండర్ చుట్టూ ఉండే యాంటెన్నా, తాళంచెవి మూడూ ఒకే బండివి ఉండాలి, ఈసీయూ నంబరు కూడా కలవాలి.

బెజవాడలో ఇంకో మెలిక ఉంది. 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో సింగ్ నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అలాంటి బండ్ల సరుకు కటింగ్‌లోకి రావడం సహజం. డోర్లు, గాజులు అయితే అభ్యంతరం లేదు, కరెంటుతో పనిచేసే ఏ వస్తువునైనా మాత్రం అనుమానించాలి. సాకెట్ విప్పి పిన్నులు చూడండి, పచ్చగా పూత పట్టిందంటే నీళ్ళు తాగినట్టే. ఈసీయూ మూత తెరిపించండి, తెల్లటి పొడి ఉందేమో చూడండి. హెడ్‌లైట్ లోపల అడుగున సన్నటి బురద గీత ఉంటుంది. అదే బండి సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగితే, కడిగినవాళ్ళు మరిచిపోయిన మట్టి దాని చివర్న దొరుకుతుంది. మిగతా సరుకంతా ఎలాంటిదో దాంతో అర్థమవుతుంది.

దొరకనిది బాగు చేయించడం

డైనమో చార్జింగ్ ఇవ్వడం లేదంటే కొత్తది కొనేయకండి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. నడుస్తుంటే పెరగలేదంటే ముందు బెల్టు, వైరు చూసి, తర్వాత డైనమో విప్పించండి. కార్బన్లు అరిగుంటాయి, లేదా రెగ్యులేటరో డయోడ్ ప్లేటో పోయుంటుంది. నాలుగూ విడివిడిగా దొరికేవే, బేరింగులతో సహా. సెల్ఫ్ మోటారుకీ ఇదే దారి: బుష్‌లు, కార్బన్లు, సోలినాయిడ్.

హెడ్ అడుగుని చదునుగా చెక్కే ఫేసింగ్‌కి ఇచ్చేముందు స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌తో వంపు చూపించమనండి. సుజుకి ఇంజన్లకి హద్దు 0.05 మి.మీ. అంతకంటే తక్కువుంటే ఫేసింగ్ అవసరం లేదు. అలవాటుకొద్దీ ప్రతిసారీ చెక్కిస్తూ పోతే హెడ్ పలచబడుతుంది. రీబోర్ (అరిగిన సిలిండర్లని కాస్త పెద్దగా కోయడం) అయితే ముందు పిస్టన్లు చేతికొచ్చాకే బోరు కొట్టించాలి. 0.25 ఓవర్‌సైజుకి బోరు కొట్టాక మార్కెట్లో 0.50వి మాత్రమే ఉన్నాయని తెలిస్తే మళ్ళీ లేత్ ఖర్చు. పిస్టన్ని కొలిచి, దాన్ని బట్టి బోరు చేయమని లేత్ మేస్త్రీకి పిస్టన్లు ఇచ్చి రండి.

రాగి-ఇత్తడి రేడియేటర్‌కి కోర్ మార్పించవచ్చు. ప్లాస్టిక్ ట్యాంకు ఉన్న అల్యూమినియం రేడియేటర్ని ఎంసీల్‌తో అతికించడం ఊరి చివరిదాకా వెళ్ళడానికే పనికొస్తుంది. లోయర్ ఆర్మ్ బుష్‌లని లేత్‌లో నైలాన్‌తో తిప్పించుకునేవాళ్ళున్నారు. దానివల్ల బండి గట్టిగా కొడుతుంది, ఆర్మ్ మీదే భారం పడుతుంది. రబ్బరు బుష్ దొరికినన్నాళ్ళూ అటు పోవద్దు. బ్రేక్ హోసుని లారీ హోసుల దగ్గర ప్రెస్ చేయించడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

ముందే కొని దాచుకోవలసినవి

డోర్ బీడింగులు, ముందు అద్దం రబ్బరు, సైడ్ మిర్రర్లు, టెయిల్ ల్యాంప్ గాజు, గ్లాస్ మెషిన్ క్లిప్పులు, గేర్ కేబుల్, క్లచ్ కేబుల్, ఒక సెట్టు హోసులు. ఇవి ఎదురుపడినప్పుడు కొనాలి. చెడిపోయాక వెతికితే దొరకవు. రబ్బరు సరుకుని మడతపెట్టకుండా, పౌడర్ చల్లి, నల్ల కవర్లో చీకట్లో ఉంచండి. మేడ మీద రేకుల గదిలో పెడితే వాడకముందే పగులుతుంది. బ్రేక్ కప్పులు, టైమింగ్ బెల్టులు మాత్రం ఇలా దాచవద్దు, వాటికి వయసు ముఖ్యం. టైరు కొనేటప్పుడు పక్కన నాలుగంకెలు చూడండి: 2325 అంటే 2025లో 23వ వారం. 800 సైజు 145/70 ఆర్12 నెమ్మదిగా అమ్ముడుపోయే సరుకు, కాబట్టి షాపులో పాతది అంటగట్టే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత కారు పెట్రోలు పైపులు, కార్బురేటర్ గ్యాస్కెట్లు దానికోసం చేసినవి కావు. పైపు వంపు దగ్గర జిగురుగా, ఉబ్బినట్టుగా ఉందేమో వేలితో తడమండి. మార్చేటప్పుడు పైపు మీద ఎస్ఏఈ జె30 ఆర్9 అని అచ్చు ఉన్నది అడగండి. లోపలి కొలత పాతదాన్ని కోసి చూసి చెప్పండి, క్లిప్పులు కూడా కొత్తవి వేయండి. పెట్రోలు వాసన వస్తుంటే ఈ పని రేపటికి వాయిదా వేయకండి.

కాగితాలు

ఇంజన్ మొత్తం మార్చాల్సి వస్తే అమ్మినవాడి బిల్లు, ఆ ఇంజన్ ఏ బండిదో దాని ఆర్‌సీ నకలు తీసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్టీవో అనుమతితో కొత్త ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఎక్కాలి, ఇన్సూరెన్సుకి కూడా తెలియజేయాలి. ఇది వదిలేస్తే ప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్ దగ్గర బయటపడుతుంది.

ఢిల్లీలోలా పదిహేనేళ్ళకి పెట్రోలు బండి ఆపేయాలన్న నిబంధన ఇక్కడ లేదు. పదిహేనేళ్ళు నిండాక ఆర్‌సీ రెన్యువల్, ఆ తర్వాత అయిదేళ్ళకోసారి. కేంద్రం ఫీజు కారుకి 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు, ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025 ఆగస్టు నుంచి 10,000. రెన్యువల్ తనిఖీకి రెండు నెలల ముందే లైట్లు, హారన్, వైపర్లు, అద్దాలు, హ్యాండ్ బ్రేక్ చూసుకోండి, ఎందుకంటే ఆ వారంలో వెతికితే చెప్పిన ధరకి కొనాల్సి వస్తుంది. హెడ్‌లైట్ గాజు బయట పచ్చబడితే పాలిష్ సరిపోతుంది. లోపల వెండిపూత ఊడి మచ్చలు పడ్డదాన్ని పాలిష్ చేయించడం దండగ. రెండు వైపులా ఒకే తయారీవి జతగా మార్చించి, గోడకెదురుగా పెట్టి వెలుతురు సరిచేయించుకోండి.